వాగు దాటిన చేతుల మాట

నేను టెలిఫోన్ శాఖలో చేరినప్పుడు కరీంనగర్ ఎక్స్ఛేంజిలో ఆడ ఇంజినీరును నేనొక్కదాన్నే. అది రాగి తీగల కాలం. ఇంట్లో ఫోన్ పెట్టించుకోవాలంటే దరఖాస్తు ఇచ్చి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. వచ్చిన రోజు వాడంతా మిఠాయి పంచేవాళ్ళు. ఆ మిఠాయి నేను బాగానే తిన్నాను. పదవీ విరమణ చేసింది మాత్రం గాజు తీగల కాలంలో, అంటే మాటను వెలుగుగా మార్చి మోసే ఫైబర్ కాలంలో, ఖానాపూర్ అవతలి అడవి ఊళ్ళ పనిలో. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు కనబడితే, “మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది?” అని అడుగుతుంటారు. నాకు ఎప్పుడూ ఒకే రోజు గుర్తొస్తుంది. ఆ రోజు నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. పక్కన నిలబడి చూశాను, అంతే. చూసినదాన్ని ఇప్పటికీ పూర్తిగా నమ్మలేకపోతున్నాను.

ముందు ఆ తీగ ఆ ఊరికి ఎందుకు వెళ్ళిందో చెప్పాలి.

ప్రతి గ్రామ పంచాయతీకీ వేగంగా నడిచే ఇంటర్నెట్ అందించాలని ప్రభుత్వం తలపెట్టింది. ప్రైవేటు కంపెనీలు మండల కేంద్రం దాకా వచ్చి ఆగిపోయేవి. వాళ్ళనూ తప్పుపట్టలేం. అడవిలో నాలుగు వాడలున్న పంచాయతీకి అంత దూరం తీగ లాగితే ఎవరికి గిట్టుబాటవుతుంది? ఒక సమావేశంలో గోడకు పటం తగిలించి ఊళ్ళు చూపిస్తుంటే, తవ్వకాల కాంట్రాక్టరు నా వైపు వంగి, “మేడం, గా అడివిల గింత స్పీడు ఎవలకు గావాలె? జింకలకా?” అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. మా పై అధికారి దగ్గర కూడా దానికి జవాబు లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక ఉత్తర్వు. పంచాయతీ అంటే పంచాయతీయే, చిన్నా పెద్దా తేడా లేదు.

ఉత్తర్వు ఎంత గొప్పదో అమలు అంత గందరగోళం. కొన్ని చోట్ల గొట్టం పాతి వచ్చాం, దాంట్లోకి తీగ వచ్చేసరికి గొట్టం ఎక్కడుందో మాకే గుర్తులేదు. కొన్ని చోట్ల తీగ ఉంది, తీగ చివర నెట్ ఇచ్చే డబ్బా ఉంది, కరెంటు లేదు. ప్రారంభోత్సవం రోజు వెలిగి మర్నాటికి ఆరిపోయిన ఊళ్ళున్నాయి. పైకి పంపిన నివేదికల్లో మాత్రం అన్నీ దేదీప్యమానంగా వెలుగుతూనే ఉండేవి. నేను చెప్పబోయే ఊళ్ళో, పంచాయతీ ఆఫీసు గోడకు బిగించిన మా డబ్బా మీద అక్కడి కారోబారు, అంటే పంచాయతీ పనులన్నీ చూసుకునే మనిషి, తన తువ్వాల ఆరేసుకునేవాడు. “ఎచ్చగుంటది మేడం, జల్ది ఆరుతది” అని దాచుకోకుండా నాకే చెప్పాడు.

ఆ ఊరికి ఇవతల ఒక వాగుంది. వానలు పడితే దాని మీది చిన్న వంతెన మునిగిపోతుంది. అడవి వెంట కందకం తవ్వడానికి అటవీశాఖ ఒప్పుకోకపోవడంతో, వాగు గట్టు దాకా, ఆ తర్వాత వాగుకు అడ్డంగా, కరెంటు స్తంభాల మీదుగా తీగను గాలిలో లాగాల్సి వచ్చింది. అవతలి గట్టు నుంచి ఊళ్ళోకి మాత్రం భూమిలోనే వేశాం. గాలిలో లాగిన తీగ ఎన్నాళ్ళుంటుందని అప్పట్లో మేమంతా అటవీశాఖను నోరారా తిట్టుకున్నాం.

నాతో పాటు ఈ తిరుగుడంతా తిరిగింది మా చాచా. కరీంనగర్ మనిషి, తీగలు అతికే పనివాడు, ఉద్యోగంలో నాకంటే పెద్ద. ఎక్స్ఛేంజిలో అందరూ ఆయన్ను చాచా అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. జీవితమంతా రాగి తీగల జంటలను వేళ్ళతో మెలిపెట్టిన మనిషికి, రిటైరయ్యే వయసులో వెంట్రుకంత సన్నటి గాజుపోగును అతకడం నేర్పించారు. శిక్షణలో ఆయన విరగ్గొట్టినన్ని పోగులు ఇంకెవరూ విరగ్గొట్టలేదు. “గిది గాజు గాదు మేడం, ఒట్టి గుస్సా. ముట్టుకుంటెనే ఇరుగుతుంది” అని విసుక్కునేవాడు. తర్వాత పని పట్టుబడింది. విసుగు మాత్రం పోలేదు.

ఆ వానాకాలం, తాగునీటి గొట్టాల కోసం తవ్వుతున్న యంత్రమొకటి ఆ ఊళ్ళో మా తీగను తెంపేసింది. మాదీ ప్రభుత్వ పనే, అదీ ప్రభుత్వ పనే. ఒకరు పాతిందాన్ని ఇంకొకరు పెకిలించడంతో ఊరివాళ్ళకు నీళ్ళూ రాలేదు, నెట్టూ రాలేదు. బాగు చేద్దామని చాచా, నేనూ జీపులో వెళ్ళాం. మేము చేరామో లేదో వాన మొదలైంది. తెగిన చోట గుంత నిండా నీళ్ళు. పోగు అతికే యంత్రానికి చుక్క తగలకూడదు. సాయంత్రానికి వాగు పొంగి వంతెన కనబడకుండా పోయింది. చేసేది లేక పంచాయతీ ఆఫీసులోనే బస చేశాం.

పొద్దున్నే ఒకామె వానలో తడుస్తూ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే నేతవాళ్ళ ఇంట్లో పుట్టి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. చేతిలో చిన్న మీటల ఫోను.

“మేడం, మీ డబ్బా నడుస్తే ఫోన్ల మనిషి కనవడ్తదట గదా?” అంది.

“కనబడుతుందమ్మా. ఏమైంది?”

“నా చెల్లె కరీంనగర్ల సర్కారు దవఖానల ఉన్నది. కడుపునొప్పి. దానికి చెవులు ఇనరావు, మాట రాదు. డాక్టర్లను దగ్గరికి రానిస్తలేదట. చేతికి పెట్టిన సూది పీకేస్తుందట. దాని చేతులు గక్కడ ఎవ్వలకు సమజైతలేవు మేడం.”

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. చెల్లె ఏ బడికీ వెళ్ళలేదు. చెవిటి పిల్లలకు బడుల్లో నేర్పే సైగలు ఆమెకు రావు. చిన్నప్పుడు అవ్వ, అక్క, చెల్లె ముగ్గురూ కలిసి ఇంట్లో కల్పించుకున్న సైగలే ఆమె భాష. అవ్వ చనిపోయింది. ఇప్పుడు ఆ భాష తెలిసిన మనిషి ఈ భూమి మీద అక్క ఒక్కతే. చెల్లె సిరిసిల్లలోనే మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. మగ్గాల మోతతో ఆమెకు బాధ లేదు. పక్కన కూర్చుని పనిచేసే ఒకావిడ ఆమెను కరీంనగర్ దవాఖానకు తీసుకొచ్చింది. ఆవిడకు తెలిసిన సైగలు పని, తిండి, నిద్ర దాకానే.

“పొద్దుగాల్ల వాగు దాటి పోత అన్న. ఊరోళ్ళు రెక్కలు వట్టి ఆపిండ్రు,” అంది అక్క. ఊళ్ళో ఫోన్ సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితేనే, అదీ మాట వరకే వస్తుంది. దవాఖాన నుంచి ఫోనొచ్చింది కూడా అక్కడికే. “డాక్టరమ్మ నీ చెల్లెతోని మాట్లాడు అంటుంది. ఏం మాట్లాడుదు మేడం? నా గొంతు దానికి దేనికి పనికస్తది?”

అన్నేళ్ళూ నేను చేసిన పనంతా గొంతులు మోయడమే. దుబాయి నుంచి భార్యలకు గొంతులు, పెద్దపల్లి మండీ నుంచి వ్యాపారులకు గొంతులు. మేము వేసిన తీగ ఏదీ ఈ ఇద్దరి మధ్య ఒక్క మాటైనా మోయలేదన్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు.

నేను ఇంకా ఆలోచిస్తుండగానే చాచా చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. “మేడం, వాన ఆగేదాంక కూసుంటె గాదు. పరదా ఉందా ఊళ్ళె?” అన్నాడు.

పరదా ఒకటి కాదు, ధాన్యం కుప్పల మీద కప్పేవన్నీ వచ్చాయి. వాటితో పాటు మనుషులు వచ్చారు. గుంతలో నీళ్ళు బకెట్లతో తోడిపోశారు. నలుగురు నాలుగు మూలలా పరదా ఎత్తి పట్టుకున్నారు. చాచా బురదలో గోనెసంచి పరుచుకుని కూర్చుని, తెగిన తీగ పైతోలు ఒలిచి, లోపలి గాజుపోగులను బయటికి తీశాడు. అక్క ఆయన ఎదురుగానే నిలబడి రెప్ప వేయకుండా చూస్తోంది. మొదటి పోగు విరిగింది. మళ్ళీ కోసి యంత్రంలో పెట్టాడు. అదీ విరిగింది.

“నన్ను గట్ల సూడకు బిడ్డా,” అన్నాడు చాచా తల ఎత్తకుండానే. “చేతులు వణుకుతున్నయ్. ఫికర్ చెయ్యకు. జర అవుతల నిలవడు.”

అక్క వెళ్ళి గోడ చాటున నిలబడింది. ఈసారి యంత్రంలో రెండు పోగుల కొనలు ఒకదానికొకటి ఎదురయ్యాయి. చిన్న మెరుపు మెరిసింది. చాచా ఊపిరి వదిలి “యా అల్లా” అన్నాడు. తర్వాతి పోగులు పేచీ పెట్టలేదు.

పంచాయతీ ఆఫీసుకు పరిగెత్తాం. కరెంటు ముందు రోజే పోయింది. మబ్బుకు సోలార్ పలక పనిచేయలేదు, డబ్బా బ్యాటరీ ఎప్పుడో నిద్రపోయింది. “ట్రాక్టర్ బ్యాటరీ పనికస్తదా?” అన్నాడు కారోబారు. పనికొస్తుందని నేననగానే బయటికి ఉరికి, ఎవరి ట్రాక్టరుదో విప్పుకొచ్చాడు. తీగలు తగిలించాం. డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది. ఎర్రదీపం అంటే అవతలి నుంచి వెలుగు రావడం లేదని. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. నాకు వాగు మీద గాలిలో వేలాడుతున్న తీగ గుర్తొచ్చింది. అంతలో ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది.

కారోబారు తన పెద్ద ఫోనును బల్ల మీద పంచాయతీ రిజిస్టర్లకు ఆనించి నిలబెట్టాడు. అవతల ఒక నర్సు ఫోనుకు వీడియో కాల్ కలిపాం. తెర మీద ముందు దవాఖాన గోడ, తర్వాత ఒక మంచం, దాని మీద మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని ఒక సన్నటి మనిషి కనబడింది. నర్సు ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది. చెల్లె చిరాగ్గా ముఖం తిప్పుకోబోయి ఆగింది. తెర వైపు చూసింది. లేచి కూర్చుంది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆ గదిలో చప్పుడు లేదు. అక్క చేతులు లేచాయి. అవతల చెల్లె చేతులు లేచాయి. వేళ్ళు, మణికట్లు, కనుబొమలు, భుజాలు అన్నీ మాట్లాడుతున్నాయి. ఎంత వేగంగా అంటే, ఇద్దరు అక్కచెల్లెళ్ళు చాలాకాలానికి కలిసి ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వకుండా మాట్లాడుకునే వేగం. బయట పరదా పట్టుకున్నవాళ్ళంతా కిటికీ దగ్గర చేరారు. మా చాచా తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

తెర పక్క నుంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. “నొప్పి మొదట ఎక్కడ వచ్చిందో అడుగమ్మా. ఎప్పటి నుంచి ఉందో కూడా.”

అక్క అడిగింది. చెల్లె బొడ్డు చుట్టూ వేలు తిప్పి, కుడివైపు కిందికి జరిపి, పిడికిలి బిగించింది.

“మొన్నటి సంది ఉన్నదట. కండెల కాడ వంగి కూసునుడుతోని వచ్చిందనుకున్నదట. ఎవ్వలకు చెప్పలే,” అంది అక్క.

“అపెండిక్స్. ఆలస్యం చేస్తే లోపలే పగులుతుంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఆమెకు అర్థమయ్యేలా చెప్పు.”

అక్క చెప్పింది. చెల్లె తల అడ్డంగా ఊపింది. బొటనవేలు నుదుటి మీద నొక్కి, రెండు చేతులతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నట్టు చూపించింది. మళ్ళీ అదే చూపించింది. మళ్ళీ అదే. అక్క చేతులు ఆగిపోయాయి.

“ఏమంటోందమ్మా?” అన్నాను.

“నుదుటి మీద వేలు వెడితే అవ్వ అన్నట్టు. మా అవ్వ పెద్దబొట్టు పెట్టుకునేది,” అంది అక్క నన్ను చూడకుండా. “అవ్వను గిట్లనే బండి మీద ఆపరేషన్ కని లోపటికి తీస్కపోయిండ్రు. తెల్లబట్ట కప్పి బయటికి తెచ్చిండ్రు. అప్పుడు దానికి ఎవ్వలం ఏం చెప్పలే. ఎట్ల చెప్పాల్నో తెల్వలే. ఇప్పుడు దాన్నిగూడ గట్లనే తీస్కపోతరని భయపడుతుంది.”

తర్వాత అక్క తన రెండు వేళ్ళతో కళ్ళను చూపించింది. తెరను చూపించింది. అరచేయి నేల వైపు గట్టిగా నొక్కింది. చెల్లె చాలాసేపు ఆమెనే చూసింది. చివరికి తల ఊపి, వేలెత్తి ఏదో షరతు పెట్టింది.

“నువ్వు బయటికి వచ్చేదాంక నేను గీడ్నే ఉంట, నిన్నే చూస్త అని చెప్పిన. కండ్లు తెరిచేసరికి నా మొఖం కనవడాలె అంటుంది,” అంది అక్క.

డాక్టరమ్మ ఒప్పుకుంది. మత్తు ఎక్కేదాకా నర్సు ఫోను పట్టుకునే ఉంది. చెల్లె కళ్ళు మూతపడేదాకా అక్క చేతులు ఆగలేదు. తర్వాత ఫోనును వార్డులో ఖాళీ మంచం పక్కన స్టూలు మీద ఛార్జింగుకు పెట్టి వెళ్ళారు. తెర మీద మంచం ఒకటే మిగిలింది. అక్క ఆ ఖాళీ మంచాన్నే చూస్తూ కూర్చుంది. చెల్లెకు ఎప్పుడు మెలకువ వస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పటి దాకా ఆ దీపం పచ్చగా ఉండాలి. చాచాను డబ్బా దగ్గర ఉంచి నేను వాగు గట్టుకు నడిచాను.

ఆ వాగును అలా నేనెప్పుడూ చూడలేదు. ఎర్రటి నీళ్ళు చెట్లను వేళ్ళతో సహా దొర్లించుకుంటూ పోతున్నాయి. వంతెన ఉండాల్సిన చోట నీళ్ళు గుట్టలా లేస్తున్నాయి. దానికి పైన, ఈ గట్టు స్తంభం నుంచి ఆ గట్టు స్తంభానికి, మా తీగ. సన్నటి నల్లటి గీత. గాలికి ఊగుతోంది. మనిషి దాటలేడు, జీపు దాటలేదు, పడవ వేసేవాడు లేడు. ఆ గీతలో వెంట్రుకంత గాజు, గాజులో వెలుగు, ఆ వెలుగులో ఒక అక్క ముఖం కరీంనగర్ దాకా వెళ్ళి ఒక ఖాళీ మంచం ముందు కాపలా కూర్చుంది. నేను ఇంజినీరును. అది ఎలా జరుగుతుందో బల్ల మీద బొమ్మ గీసి చెప్పగలను. అయినా ఆ గట్టు మీద రెండు చేతులూ జోడించాను. ఎవరికి జోడించానో నాకు తెలియదు. కందకానికి ఒప్పుకుని ఉంటే ఆ తీగను వంతెనకే కట్టేవాళ్ళం, ముందు రోజే కొట్టుకుపోయేది. మనసులో అటవీశాఖకు కూడా ఒక దండం పెట్టాను.

తిరిగి వచ్చేసరికి ఆఫీసులో పెద్ద పరేషాన్. బ్యాటరీకి గుడ్డపేలికతో కట్టిన తీగ ఊడి డబ్బా ఆరిపోయింది. చాచా మళ్ళీ బిగించాడు, దీపం వెలిగింది, కానీ కాల్ తెగిపోయింది. అవతల స్టూలు మీది ఫోను మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. అక్క ఏడుపు ఆపుకోలేకపోయింది. ఒక్కసారిగా తన మీటల ఫోను తీసుకుని వానలో నీళ్ళ ట్యాంకు వైపు ఉరికింది. మెట్ల మీద నుంచి ఆమె అరుపు ఊరంతా వినబడింది.

“వదినా! గా ఫోను ఎత్తుమని నర్సమ్మకు చెప్పు! ఉరుకు! అది లేస్తది!”

చెల్లెను తీసుకొచ్చి దవాఖాన వరండాలో కూర్చున్న సిరిసిల్ల ఆవిడ ఫోనులో ఆ మాట విని వార్డులోకి పరిగెత్తింది. మొత్తానికి నర్సు ఫోను ఎత్తింది. అక్క తడిసిన చీరతోనే వచ్చి మళ్ళీ తెర ముందు కూర్చుంది. అప్పటి నుంచి చాచా ఆ బ్యాటరీ తీగను రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వద్దన్నా వదల్లేదు.

చెల్లె కోలుకుంది. తర్వాత ఒకసారి ఆ ఊరికి వచ్చిందని, పంచాయతీ ఆఫీసుకు వచ్చి డబ్బాను తట్టి చూసి నవ్విందని కారోబారు చెప్పాడు. ఆ తీగ ఆ తర్వాత కూడా చాలాసార్లు తెగింది. బాగుచేయడానికి వెళ్ళడం ఆలస్యమైన సందర్భాలూ చాలా ఉన్నాయి. ప్రభుత్వం పని నత్తనడక అని మీరంటే నేను కాదనను, ఆ నడక నేనూ నడిచాను. కానీ ఆ ఊరి దాకా నడిచింది ప్రభుత్వం ఒక్కటే. అందులో నేనూ ఒకదాన్ని కావడం నా అదృష్టమనుకుంటాను.

ఆ రోజు పొద్దుగూకే వేళకు వాన తగ్గింది. మంచం మీదికి చెల్లెను తెచ్చి పడుకోబెట్టి చాలాసేపైంది. కిటికీ దగ్గర జనం అలాగే ఉన్నారు. మొదట ఆమె వేళ్ళు కదిలాయి. తర్వాత కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది. భయంగా పక్కకు తిరిగింది. స్టూలు మీద అక్క ముఖం కనబడింది.

అలాగే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి చెయ్యి కష్టం మీద లేపి, వేళ్ళు దగ్గరికి చేర్చి నోటి దాకా తెచ్చి, కనుబొమలు ఎగరేసింది.

అక్క పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“ఏమందమ్మా?” అన్నాను.

“ఏం లేదు మేడం,” అంది. “తిన్నవా అని అడుగుతుంది.”